వీణకు పూసిన బంక

పిల్లలూ, ఈ కథ మీరు వినలేదు. వినే వీలూ లేదు. మీరు పెరుగుతున్న ఈ చోట మా లింగమూర్తి మాస్టారిని ఎరిగినవాళ్ళు లేరు, బొబ్బిలి వీణను దగ్గరగా చూసినవాళ్ళూ లేరు. నేను చెప్పకపోతే మీకు ఇంకెవరూ చెప్పరన్న బెంగతో చెబుతున్నాను. నాకు తెలిసినంతవరకు, తెలియనిది కలపకుండా చెబుతాను.

మేము విజయనగరంలో ఎమ్మెస్సీ చదివేటప్పుడు బెహరా లింగమూర్తి మాస్టారు మాకు భౌతికశాస్త్రం చెప్పేవారు. ఎవరైనా ఎందుకని అడిగితే ఆయన వెంటనే జవాబిచ్చేవారు కారు. ఆ ప్రశ్నలో నువ్వు ముందే నమ్మేసినది ఏమిటో చెప్పమనేవారు. చాలామంది అక్కడితో కూర్చుండిపోయేవారు. మా తరగతిలోని కనకవల్లి మాత్రం కూర్చునేది కాదు.

ఒకనాడు ఆమె లేచి అడిగింది. ఒకే జాతి ఆవేశాలు ఒకదాన్నొకటి నెట్టుకుంటాయని పాఠంలో చదువుకున్నాం. ఎలక్ట్రాన్‌లో ఉన్నదంతా రుణావేశమే. అలాంటప్పుడు అందులో ఈ పక్కనున్న ఆవేశం ఆ పక్కనున్నదాన్ని నెట్టాలి. అంత చిన్న చోట ఆ నెట్టుడు సామాన్యంగా ఉండదు. మరి ఎలక్ట్రాన్ తన ఆవేశానికి తానే పగిలి చెదిరిపోవాలి కదా, పోకుండా దాన్ని పట్టి ఉంచుతున్న బంక ఏది? వెనక బెంచీలోంచి ఎవరో, ఆ బంక పరీక్షలో రాదులే కూర్చోమన్నారు. అందరం నవ్వాం. మాస్టారు నవ్వలేదు. పూర్వం చాలా గొప్పవాళ్ళు కూడా అలాంటి బంక ఒకటి ఉండాలనుకుని లెక్కలు కట్టారని, సిగ్గుపడవలసిన ప్రశ్న కాదని అన్నారు. జవాబు మాత్రం చెప్పలేదు.

ఆ వారం కనకవల్లికి ఇంకో బెంగ కూడా ఉంది. ఆమె సాయంత్రాలు సంగీత కళాశాలలో వీణ నేర్చుకునేది. అక్కడి ఆఖరి పరీక్ష దగ్గర పడింది. ఆమె మేనత్త సుందరమణి గారు ఒకప్పుడు మంచి వైణికురాలు. వేళ్ళు బిగుసుకుపోయి తాను వాయించడం మానేశాక, తన బొబ్బిలి వీణను మేనకోడలికి ఇచ్చి ఒకే కోరిక కోరారు. పరీక్షనాడు ముందు వరసలో కూర్చుని ఆ వీణను, తాను వాయించిన శ్రుతిలోనే, మళ్ళీ ఒకసారి వినాలని. కనకవల్లికి మాత్రం తీగలను ఆ శ్రుతికి బిగించే ధైర్యం లేకపోయింది.

మీరు వీణ చూడలేదు కనుక ఇది చెప్పాలి. వీణకు ఒక వైపు గుండ్రని కుండ ఉంటుంది, దాని నుంచి పొడుగ్గా దండి సాగుతుంది. తీగలు దండి చివర నుంచి కుండ దాకా బిగిసి ఉంటాయి. శ్రుతి పెంచడమంటే తీగను ఇంకా గట్టిగా లాగడమే. అంటే వాయిస్తున్నంతసేపూ వీణను దాని తీగలే విరవడానికి చూస్తూ ఉంటాయి. చాలా వీణల్లో కుండను, దండిని వేరుగా చేసి అతికిస్తారు. కనకవల్లి చిన్నతనంలో వాళ్ళింట్లో అలాంటి వీణ ఒకటి, వాయిస్తూండగానే అతుకు దగ్గర ఊడిపోయింది. ఆ చప్పుడు ఆమె చెవిలో ఉండిపోయింది. ఇప్పుడు మేనత్త వీణలోనూ కుండ, దండి కలిసేచోట చుట్టూ సన్నని గీత కనబడింది. గీత నిండా నలుపు. అతుకు వదులవుతోందని భయపడింది. మేనత్తకు చెబితే బాధపడతారని, వడ్రంగి దగ్గర బంక అడిగి తెచ్చి గీత పొడవునా పూసింది. దాని మీద నాడా చుట్టింది. తీగలు బాగా దించి సాధన చేస్తూ వచ్చింది.

పరీక్షకు ముందు ఒక సాయంత్రం ఆ వీణను రిక్షాలో పెట్టుకుని, పడకుండా పట్టుకోవడానికి నేను తోడుగా, పరీక్షలో ఆమెకు మృదంగం వాయించబోయే అప్పలస్వామి గారి ఇంటికి వెళ్ళాం. మాస్టారిది ఆ పక్క వాటాయే. పాట వినబడితే వచ్చి అరుగు మీద కూర్చోవడం ఆయనకు అలవాటు. కనకవల్లి వాయించడం మొదలుపెట్టగానే అప్పలస్వామి గారు మృదంగం పక్కన పెట్టేశారు. మృదంగం శ్రుతిని ఒక హద్దు దాటి కిందికి దించితే నాదం చచ్చిపోతుంది.

"నీ వీణ కోసం నా మృదంగాన్ని నూతిలో నానబెట్టమంటావేటమ్మా?" అన్నారాయన.

కనకవల్లి ఇక దాచలేక సంగతంతా చెప్పేసింది. మేనత్త వీణ వద్దు, కళాశాల వీణ అడిగి దానితోనే పరీక్షకు వెళతానంది. ముందు వరసలో కూర్చోబోయేది ఎవరో మా అందరికీ తెలుసు.

మాస్టారు అరుగు మీది నుంచి లేచి వచ్చారు. ఎక్కడ ఊడుతుందనుకుంటున్నావని అడిగారు. ఆమె చూపించింది. నాడా విప్పించి, వేడినీళ్ళలో తడిపిన గుడ్డతో ఆ బంకంతా తుడవమన్నారు. ఆమె సందేహిస్తూనే తుడిచింది. అప్పుడు వీణను గుమ్మం దగ్గర వెలుతురులోకి జరిపించి బోర్లించారు. కుండ వెనక, చెక్కలో పుట్టుకతో వచ్చిన గోధుమరంగు చారలు కనిపించాయి. ఒక చార మీద వేలు పెట్టి, ఎత్తకుండా దండి వైపు పోనిమ్మన్నారు. కనకవల్లి వేలు చార వెంట మెల్లగా నడిచింది. తాను బంక పూసిన గీత దగ్గరికి వచ్చింది, దాన్ని దాటింది, అదే చార మీద దండిలోకి సాగిపోయింది.

"తెగిందా?" అన్నారు మాస్టారు.

లేదంది. ఇంకో చార చూడమన్నారు. అదీ తెగలేదు. పక్కవైపు చూసింది, అడుగున చూసింది. ఏ చారా ఆ గీత దగ్గర ఆగలేదు.

బొబ్బిలిలో కుండ, దండి కలిపి ఒకే పనస మానులోంచి తొలుస్తారు. కుండ మీద మూతపలక తర్వాత వేసేదే, అబద్ధం చెప్పకూడదు. కానీ కనకవల్లి భయపడిన చోట అతకడానికి రెండు ముక్కలే లేవు. వీణంటే అక్కడ గీత ఉండాలని చూసేవాళ్ళ కంటికి అలవాటు కనుక, అందానికి ఒక గాడి చెక్కుతారు. ఏటా సరస్వతీ పూజకు సుందరమణి గారు పెట్టిన పసుపు కుంకుమలు, నూనె చేతులూ చేరి ఆ గాడి నల్లబడింది. ఆవిడకు ఇది ఎంత మామూలు సంగతంటే, చెప్పాలని తోచలేదు.

కనకవల్లి తీగను బిగించే బిరడ తిప్పడం మొదలుపెట్టింది. మధ్యలో బిరడ కిర్రుమంది. ఆమె చెయ్యి ఒక్క క్షణం ఆగి, మళ్ళీ తిప్పింది. తీగ శ్రుతికి చేరింది. అప్పలస్వామి గారు మృదంగం ఒళ్ళోకి లాక్కున్నారు.

పరీక్షనాడు సుందరమణి గారు ముందు వరసలోనే కూర్చున్నారు. మొదటి మీటుకే ఒళ్ళో ఉన్న ఆవిడ వేళ్ళు, వంగని వేళ్ళు, కదలడం చూశాను.

అంతా అయ్యాక కనకవల్లి మాస్టారి దగ్గరికి వచ్చింది. ఆయన ఇంకా జవాబివ్వలేదు కనుక తానే చెప్పింది. తన ప్రశ్నలో ముందే నమ్మేసినది ముక్కలున్నాయని అట. ఎలక్ట్రాన్‌లో ఈ పక్క, ఆ పక్క అని రెండు ఉన్నాయనుకుంది కాబట్టే బంక కావలసి వచ్చిందట. మాస్టారు తల ఊపారు. కాకపోతే చెక్కకు చారలున్నాయి, గొడ్డలి వేస్తే చీలుతుంది. ఆ పోలికను ఎలక్ట్రాన్ దాకా లాక్కుపోవద్దన్నారు. ఇంతవరకు ఎంత దగ్గరగా చూసినవాళ్ళకైనా అందులో భాగాలు కనబడలేదు, అంతవరకే మనం అనగలమన్నారు.

కనకవల్లి అప్పటికీ కూర్చునే రకం కాదు. అయితే దాని ఆవేశం దానికి ఏమాత్రం భారం కాదన్నమాటేనా అని అడిగింది.

మాస్టారు వంగి, బిగిసి ఉన్న తీగను ఒక్కసారి మీటారు. అది మోగి ఆగాక అన్నారు.

"అతుకు లేదన్నానమ్మా. లాగుడు లేదనలేదు."

పిల్లలూ, ఇది మీ దగ్గర ఆగిపోకుండా చూడండి. మీ పిల్లలకు చెప్పేటప్పుడు ఎలక్ట్రాన్ వీణలాంటిదని మాత్రం అనకండి. తక్కినది మీకు గుర్తున్నట్టు చెప్పండి, ఆ ఆఖరి మాట మాత్రం ఆయన అన్నట్టే చెప్పండి.