కోటిలింగం చెవుడు

నేను అనగనగా అంటాను, మీరు ఊఁ కొట్టండి. కొట్టకపోతే నాకూ కోటిలింగం చెవుడొస్తుంది, కథ అక్కడే ఆగిపోతుంది.

మన తాతల తాతలు ఉగ్గుపాలు తాగే రోజుల్లో, పోగులపాడులో కోటిలింగం అనే నేతగాడు ఉండేవాడు. ఒళ్లో పట్టేంత చిన్న మగ్గం మీద మంచాలకు బెత్తెడు వెడల్పు నవారు నేసేవాడు.

ఆ మగ్గానికి ప్రాణమంతా అచ్చులో ఉంటుంది. అచ్చంటే వెదురుబద్దలు వరసగా కట్టిన పలక. బద్దకూ బద్దకూ నడుమ ఒక సందు, ప్రతి బద్దకూ మధ్యలో ఒక కన్ను. పడుగు, అంటే నిలువు పోగులన్నీ అందులోంచి లాగాలి. ఒకటి కంటికి, ఒకటి సందుకి. ఒకటి కంటికి, ఒకటి సందుకి. అప్పుడు అచ్చు ఎత్తితే పడుగు నోరు తెరుస్తుంది, అడ్డపోగు మోసే నాడె దూరుతుంది. ఒక్క పోగు తప్పిందా, అక్కడ నేత పట్టదు.

కోటిలింగం చేతిలో పనితనం ఉంది. తంటా అంతా నోటితోనే. పిలిస్తే పలక్కపోవడం పాపమని వాళ్లమ్మ చెప్పింది. అందుకని ఎవరు పిలిచినా "ఆయ్" అనేవాడు.

చల్లలమ్మే పేరంటాలు పిలిచింది. "ఆయ్" అన్నాడు, పోగు తప్పింది. బండి తోలే చిట్టెబ్బాయి పిలిచాడు. "ఆయ్" అన్నాడు, పోగు తప్పింది. మునసబుగారి అత్తగారు సూరమ్మ పిలిచింది. "ఆయ్" అన్నాడు, పోగు తప్పింది.

మూడు నవార్లు, మూడు మంచాలు, మూడూ దిగిపోయాయి. మూడో మంచం సూరమ్మగారిది. నవారు చిరిగి, మంచం కింద పడుకున్న మేక మీద ఆవిడ పడింది. మేక బతికింది. ఆవిడా బతికింది. కోటిలింగం పరువే పోయింది.

"ఇంకొక్క మంచం దిగిందంటే ఆ మగ్గం మా పొయ్యిలోకే!" అన్నాడు మునసబు.

మగ్గం పోతే తిండెక్కడిది? కోటిలింగం పెళ్లాం నాంచారు బాగా ఆలోచించింది.

"రేపట్నుంచి నీకు చెవుడయ్యా," అంది.

"నాకు బాగానే వినబడతందే!"

"వినబడితే వినబడనీ. పలక్కు."

పొద్దున్నే నూతి దగ్గర 'మా ఆయనకు చెవుడొచ్చింది' అని ఒకావిడ చెవిన వేసింది. నీళ్లబిందె ఇంటికి చేరేలోపు ఊరంతా పాకింది.

నిజమో కాదో చూద్దామని ముగ్గురూ వచ్చారు. "ఏం కూర, కోటిలింగం?" అంది పేరంటాలు. ఒకటి కంటికి, ఒకటి సందుకి. "ఇయ్యాల వానొత్తాదంటావా?" అన్నాడు చిట్టెబ్బాయి. ఒకటి కంటికి, ఒకటి సందుకి. "నేను మేక మీద పడ్డానని నవ్వేవటగా?" అంది సూరమ్మగారు. పాపం, పెదాలు అదిరాయి గాని పలకలేదు. ఒకటి కంటికి, ఒకటి సందుకి.

ఆ నవారు మీద ఏనుగు పడుకున్నా దిగేది కాదు. మగ్గం నిలిచింది.

కానీ మొదలుపెట్టిన చెవుడు ఆపడమెలా? ఇల్లు చూస్తే ఇరుకు. 'గోడలకు చెవులున్నాయి, మా ఆయనకే లేవు' అనుకుని నాంచారు ఇంట్లో కూడా సైగలే చేసేది. అన్నానికో సైగ, నీళ్లకో సైగ.

ఒకరోజు అతను పోగులు లాగుతుంటే ఉండబట్టలేక అడిగేసింది. "నిన్నిలా చెవిటోణ్ణి చేసేను. నన్ను కట్టుకుని సుఖపడ్డావా?"

ఒకటి కంటికి, ఒకటి సందుకి.

నాంచారుకు ఏడుపొచ్చింది. ఈ మాటకు సైగ లేదు. నోటితో మళ్లీ అడగడానికి అభిమానం అడ్డొచ్చింది. అలా ముప్పయ్యేళ్లు గడిచాయి. ఊళ్లోవాళ్లు మాత్రం చెవిటివాడే కదా అని కోటిలింగం ముందు కూర్చుని కడుపులో ఉన్నదంతా కక్కేవాళ్లు.

చివరికి కోటిలింగం మంచం పట్టాడు. అందరూ చుట్టూ చేరి చెవి దగ్గర అరిచారు. "కోటిలింగం! ఒక్కసారి పలుకు!"

"ఆయ్. మెల్లిగా అనండి, వినబడతందండి."

చల్లలో ఎన్ని నీళ్లు కలిపేదో అతని ముందే చెప్పిన పేరంటాలుకు చెమటలు పట్టాయి. కోటిలింగం ఆ ఊసే ఎత్తలేదు. పోగులు లాగినట్టు వరసగా చెప్పుకొచ్చాడు.

"పేరంటాలూ, బీరకాయండి. చిట్టెబ్బాయీ, ఆ రోజు వానొచ్చింది కదండీ. సూరమ్మగారూ, నవ్వేనండి. తప్పే."

తొంభై ఏళ్ల సూరమ్మగారు కూడా నవ్వేసింది.

కోటిలింగం నాంచారు వైపు తిరిగాడు. "సుఖపడ్డానే. అప్పుడే అందామనుకున్నా. నూట పదకొండో పోగు మీదున్నా."

నాంచారు నవ్వింది, ఏడ్చింది, తిట్టింది. "ఆ ఒక్క పోగూ తప్పితే ఏం పోయేదయ్యా!"

ఈసారి కోటిలింగం నిజంగానే పలకలేదు.

ఇప్పటికీ పోగులపాడులో అచ్చుకు పోగులు లాగేవాళ్లను పిలిస్తే పలకరు. ఎవరూ ఏమీ అనుకోరు, 'కోటిలింగం చెవుడు' అనుకుని అడగాల్సింది అడిగి వెళ్లిపోతారు. ఆఖరి పోగు ముడేశాక నేతగాడు వీధివైపు తిరిగి "ఆయ్" అని గట్టిగా అంటాడు. తర్వాత గడపగడపకూ వెళ్లి అందరికీ వరసగా జవాబు చెప్పి వస్తాడు.

ఆలి అడిగితే మాత్రం అప్పటికప్పుడు పలకాల్సిందే. ఆ ఊరి నవారులో ఎక్కడైనా ఒక పోగు తప్పి మంచం కాస్త దిగిందనుకోండి, ఎవరూ గొడవ చెయ్యరు.

"ఇంట్లో ఆవిడ ఏదో అడిగుంటుందిలే," అని సర్దుకుని పడుకుంటారు.