రంగు చూసి చోటు పంచిన ఊసరవెల్లి

కందిచేను గట్టున ఒక పశువుల కొట్టం. కొట్టం ముందు తాటిచెట్టు, కాస్త ఎడంగా విరగబూసిన తంగేడు పొద, రెండిటికీ మధ్యన ఒక జిల్లేడు. ఇంతే లోకం. ఈ కాస్త లోకంలోనే దీపపు పురుగులు కాపురాలు పెట్టుకుని బతికేవి. మీరూ చూసే ఉంటారు, దీపం పెట్టగానే చుట్టూ మూగే చిన్న రెక్కల పురుగులు, చిటికెనవేలి గోరంత కూడా ఉండవు. వాటిలో కొన్ని బూడిదరంగువి, కొన్ని పసుపువి. పగలంతా బూడిదవి తాటిమానుకి అతుక్కుని, పసుపువి తంగేడు పూలలో ఒదిగి కూర్చునేవి. ఎవరో కూర్చోమని చెప్పింది కాదు. అక్కడైతే శత్రువు కంటికి ఆనవు. పొద్దు వాలగానే అన్నీ కందాకుల మీద కలుసుకునేవి.

అంత చిన్న ప్రాణులకి జరిగిన మోసం తలుచుకుంటే నాకిప్పటికీ కోపమొస్తుంది. చేసినవాడు ఎక్కడినుంచో రాలేదు. ఆ జిల్లేడు మీదే ఉండే ఊసరవెల్లి.

ఊసరవెల్లికి నాలుక బారెడు. ఏం లాభం, పురుగులు కనబడితే కదా. కడుపు వీపుకి అంటుకుపోయింది. ఒక సాయంత్రం వాడు గొంతు సవరించుకుని అందరినీ పిలిచాడు. పురుగులు వచ్చాయి. కొట్టం ముందు తాటిమానుకి కట్టేసి ఉన్న ముసలి ఎద్దు తల తిప్పింది. కొట్టం కప్పు మీదికి జెముడుకాకి వచ్చి కూర్చుంది. బల్లుల్నీ పురుగుల్నీ పట్టి తినే పక్షి అది, ఆ చేలో దానిదే పెత్తనం. ఒకసారి మాటంటే దాటదు, ఎదుటివాడు దాటితే ఊరుకోదు.

"మీలో ఎవరు ఏ జాతో మీకు తెలుసా?" అన్నాడు ఊసరవెల్లి.

"మేమంతా ఒకటే కదా మామా," అంది పసిడి అనే పసుపుపురుగు.

"ఆ తెలియకపోవడం వల్లే పిట్టల పాలవుతున్నారు. చూడమ్మా, మీరు బూడిద జాతి, పసుపు జాతి అని రెండు. జాతికో చోటు పంచుతాను. ఎవరి చోట్లో వాళ్లుంటే ఏ పిట్టా మిమ్మల్ని ముట్టదు. చోటు తప్పినవాళ్ల సంగతి పిట్టలు చూసుకుంటాయి. ఏమంటావు జెముడుకాకీ?"

జెముడుకాకి ముక్కు కప్పుకి రుద్దుకుంది. "కట్టుబాటంటూ ఉంటే నాకూ తేలికే. చోట్లో ఉన్నవాణ్ణి ముట్టను. చోటు తప్పితే ఎవరైనా సరే, తినేస్తాను."

"ఎవరైనా సరే," అన్నాడు ఊసరవెల్లి ధీమాగా.

ముసలి ఎద్దుకీ ఇది బాగానే ఉందనిపించింది. "నిజమేనమ్మా. కాడికి కట్టేటప్పుడు నాది ఎప్పుడూ ఎడమపక్కే. కుడిపక్కన కడితే అడుగు పడదు నాకు. ఎవరి పక్క వాళ్లకుంటే మంచిదే," అంది. ఎద్దు తాత మాటంటే పురుగులకి గురి. ఆ ఒక్క మాటతో అన్నీ ఒప్పేసుకున్నాయి.

ఊసరవెల్లి తీర్పు చెప్పాడు. "బూడిద జాతికి తంగేడు. పూలపాన్పు మీద పడుకోండి. పసుపు జాతికి తాటిమాను. మేడలో ఉన్నట్టుంటుంది. ఆకుపచ్చ జాతికి నేనొక్కణ్ణే గనక ఈ జిల్లేడు నాకు చాలు."

పూలు దొరికినందుకు బూడిదవి, మేడ దొరికినందుకు పసుపువి మురిసిపోయాయి. పసిడి మాత్రం "మామా, బూడిదవాళ్లంటే మా..." అనబోయింది. ఆ రెక్కల చప్పుడులో దాని మాట ఎవరికీ వినపడలేదు. దాని మొగుడు నుసయ్య బూడిదవాడు. "సాయంత్రం కందాకు మీద కలుద్దాంలే," అంటూ వెళ్లిపోయాడు.

మర్నాడు పొద్దు వాలేవేళకి పసిడి చెల్లెలు తన మొగుడి కోసం మాను దిగి తంగేడు వైపు ఎగిరింది. సగం దూరం పోయిందో లేదో, జెముడుకాకి వాలింది, గుటుక్కుమనిపించింది. "చోటు తప్పింది," అని చెప్పి మళ్లీ కప్పెక్కింది. అందులో కోపం లేదు, ఆకలి కూడా ఉన్నట్టు లేదు. మాను మీద పురుగులు కొయ్యబారిపోయాయి.

అంతకంటే ఘోరం ఆ తెల్లవారి తెలిసింది. చోటు తప్పనివాళ్లూ మాయమవుతున్నారు. నిన్న పక్కన కూర్చున్న పెద్దమ్మ లేదు. ఆవిడ పక్కనున్న కొత్త పెళ్లికూతురూ లేదు. జెముడుకాకిని అడిగితే "నేను ముట్టలేదు, ముట్టనని చెప్పానుగా," అంది. అది అబద్ధమాడదు. మరి ఎవరు?

పసిడి కళ్లు ఆర్పకుండా కూర్చుంది. మధ్యాహ్నం మాను మీది బెరడు ముక్క ఒకటి మెల్లగా కదిలింది. బెరడులోంచి నాలుక సాగింది. పసిడి పక్కనున్న పిన్ని ఇప్పుడుంది, ఇప్పుడు లేదు. బూడిదరంగు మాను మీద పసుపు రెక్కలు పసుపుబొట్టు పెట్టినట్టు కనబడుతుంటే, వాడికి వెతుక్కునే పనే లేదు. అదే సమయానికి ఎద్దు ఈగని తోలుకుంటూ తోక విసిరితే అది మానుకి తగిలింది. బెరడు ముక్క అదిరిపడి కిందపడింది, ఒళ్లంతా మసిబారిపోయి, జిల్లేడు వైపు పరుగెత్తింది. ఆకుల మీదికెక్కి ఊపిరి పీల్చుకున్నాకగానీ దానికి ఆకుపచ్చ రాలేదు.

ఎద్దు మెడతాడు కట్టింది ఆ మానుకే. పసిడి ఎగరకుండా ఆ తాడు వెంబడి నడుచుకుంటూ పోయి ఎద్దు చెవిలో అంతా చెప్పింది. ఎద్దు నెమరు ఆగిపోయింది. నోట్లో గడ్డి నోట్లోనే ఉంది.

"నేనే కదమ్మా సరేనన్నది," అంది చివరికి. "నా జోడు ఎద్దు తెల్లది, నేను ఎర్రదాన్ని. మా ఇద్దరి రంగూ చూసి ఎవరూ కాడి కట్టలేదే. కొండ దగ్గరికి బండి లాగాను, సముద్రం ఒడ్డుకి లాగాను. ఎక్కడ దీపం పెట్టినా మీ రెండు రంగులూ కలిసే వచ్చేవి. కళ్లారా చూసి కూడా నాకు తట్టలేదు."

"ఇప్పుడు ఏడ్చే తీరిక లేదు తాతా. మా బతుకే నాలుగు పొద్దులు. జెముడుకాకిని పిలువు. మిగతాది నేను చూసుకుంటాను. వాడు అదిరిపోయే మాట ఒకటి నా దగ్గరుంది."

సాయంత్రం ఎద్దు రంకె వేసింది. జెముడుకాకి వచ్చి కప్పు మీద కూర్చుంది. పసిడి మాను మీద తన చోట్లోనే ఉండి అడిగింది.

"మామా, ఒక్క సందేహం. మీది ఏ జాతి, మీ చోటు ఏది?"

"ఆకుపచ్చ. జిల్లేడు. ఎన్నిసార్లు చెప్పాలి?"

"రంగు మారితే?"

"జాతి మారినట్టే, చోటు తప్పినట్టే. రంగే జాతి, జాతిని బట్టే చోటు."

"విన్నావా అత్తా?" అంది పసిడి.

"విన్నాను," అంది జెముడుకాకి.

"అయితే మీకు తెలియని సంగతి ఒకటి చెబుతాను మామా. తంగేడు మీద ఉన్నవాళ్లంతా మగవాళ్లు. ఈ మాను మీద ఉన్నవాళ్లమంతా ఆడవాళ్లం. మీరు విడదీసింది రెండు జాతుల్ని కాదు, ఆలుమగల్ని. ఆ రోజు నుంచీ కందాకు మీద ఒక్క గుడ్డు పడలేదు. మేం పోయాక పుట్టేవాళ్లు లేరు. ఈ చేలో ఇక మీ నాలుకకి ఒక్క రెక్క తగలదు."

ఊసరవెల్లి రెండు కళ్లూ రెండు వైపులకి తిరిగాయి. "ఒక్క గుడ్డు కూడానా?" అన్నాడు. "మరి నేనేం తినాలి?"

అనేశాక గానీ ఏమన్నాడో వాడికి తెలియలేదు. ఎద్దు కళ్లు పెద్దవయ్యాయి. ఊసరవెల్లి తల నుంచి తోకదాకా మసి పూసినట్టు నల్లబడిపోయాడు.

"జిల్లేడు మీద నల్లది ఉంది," అంది జెముడుకాకి.

"నేనే జెముడుకాకీ, నేను. భయానికి రంగు పోయింది, ఒక్క క్షణం ఆగు, వచ్చేస్తుంది."

"నువ్వెవరో నాకెందుకు? ఎవరైనా సరే అన్నాం కదా," అంటూ అది దిగింది. కట్టుబాటు పెట్టినవాడి తోక కాసేపు దాని ముక్కు పక్కన ఆడింది, ఆ తర్వాత అదీ లేదు.

సంబరం ఎవరికీ రాలేదు. చెడ్డవాడు పోయాడని తెలిసినా, కళ్లముందు అంత తేలిగ్గా పోవడం చూస్తే ఎవరికైనా గుండె జారిపోతుంది. జెముడుకాకి ముక్కు తుడుచుకుని అడిగింది. "మరి రేపటి నుంచి ఎవరి చోటు ఏది?"

"చెప్పేవాడు నీ కడుపులో ఉన్నాడు అత్తా. వాణ్ణే అడుగు," అంది పసిడి.

జెముడుకాకి నిజంగానే కడుపు వైపు చూసుకుంది. జవాబు రాలేదు. కట్టుబాటు లేని చోట ఏం చెయ్యాలో దానికి తోచక, చేను దాటి ఎగిరిపోయింది.

పసిడి మాను వదిలి తంగేడు దగ్గరికి వెళ్లింది. పైకొమ్మల మీదివాళ్లని కూడా ఊసరవెల్లి నాలుక మిగల్చలేదు. పూవు పూవూ వెతికింది. అన్నిటికంటే కింది కొమ్మకి, ఎండిన కాయ చాటున, ఒక రెక్క చిరిగిపోయి కూర్చుని ఉన్నాడు నుసయ్య.

"చీకటి పడుతోంది," అన్నాడు. "కందాకు దాకా ఎగరగలనో లేదో."

"నడుద్దాం పద," అంది పసిడి. ఇద్దరూ కొమ్మ దిగి, నేల మీద పాకుతూ చేలోకి వెళ్లారు. వాళ్ల వెనకే మిగిలినవాళ్లు ఒక్కొక్కరే బయల్దేరారు, బూడిదవాళ్లు, పసుపువాళ్లు. ఎక్కడ వాళ్లకి తగులుతుందోనని ఎద్దు తెల్లవార్లూ తోక కదపలేదు.

నీతి: రంగు చూసి ఎదుటివాడికి చోటు పంచేవాడు, తన రంగు పోయే రోజు తనకి ఏ చోటు మిగులుతుందో ముందే చూసుకోవాలి.