శరభయ్య తాతకి ఆకలేసిన పొద్దు

ఆ కాళ్ళు దుప్పట్లోకి లాక్కోవే బుజ్జీ, ఐసుముక్కల్లా తగుల్తున్నాయి. మధ్యలో ప్రశ్నలేశావంటే కథ ఆపేస్తా, ముందే చెప్తున్నా. ఊఁ కొట్టు.

అనగనగా, పొద్దెక్కినా మంచు వదలని ఒక ఊళ్ళో శరభయ్య అని ఒక ఆయుర్వేద వైద్యుడుండేవాడు. ఎవరు ఏ రోగమని వచ్చినా ముందు ఒకటే మాట అడిగేవాడు, "ఆకలేస్తోందా?" అని. వేస్తోందంటే, "అయితే బతికావు పో!" అనేవాడు. కాలు బెణికి వచ్చినవాణ్ణి కూడా అదే అడిగేవాడు, ఏం మనిషో!

ఆయనకి ఉన్నదల్లా ఒక మనవరాలు, నాంచారి. తొమ్మిదేళ్ళది. తల్లీ తండ్రీ లేరు, తాతే దానికి లోకం. తాత మందులకి శొంఠి, మిరియాలు, పిప్పళ్ళు దంచిపెట్టడం దాని పని.

ఒక ఏడు పుష్యమాసంలో ఎముకలు కొరికే చలి పట్టింది. అప్పుడు శరభయ్య తాతకే జ్వరమొచ్చింది. జ్వరమైతే తగ్గింది గానీ ఆకలి చచ్చిపోయింది. గోడవైపు తిరిగి పడుకున్నాడు. లేవడు, మాట్లాడడు, మెతుకు ముట్టడు.

పక్కింటి పేరమ్మత్త వచ్చి చూసి, నాంచారిని అరుగు మీదికి పిలిచింది. "వైద్యుడికి వైద్యం మనకేం తెలుసే తల్లీ! నాలుగు మెతుకులు లోపలికి పోకపోతే మనిషి దక్కడు" అని కళ్ళొత్తుకుంది. తాత పోతే నాంచారికింకెవరున్నారు చెప్పు?

మొదటి రోజు పొద్దున్న చద్దన్నంలో పెరుగు కలిపి తీసుకెళ్ళింది. ఎండాకాలమంతా తాత లొట్టలేసుకుంటూ తినేది అదే మరి. చల్లటి ముద్ద నోట్లో పడగానే తాతకి వణుకు పుట్టింది. కంచం పక్కకి తోసేశాడు.

రెండో రోజు, "చలికాలం కదా, ఒంట్లో వేడి పుట్టించేవి పెట్టాలి" అనుకుంది. అక్కడిదాకా బాగానే ఉంది. కానీ తాత ఇచ్చే చిటికెడికే అంత గుణముంటే, గుప్పెడికి ఎంతుంటుందో అనుకుంది. వెర్రిపిల్ల! గుప్పెడు శొంఠి, గుప్పెడు మిరియాలు, గుప్పెడు పిప్పళ్ళు జావలో కలిపి పట్టుకెళ్ళింది. తాత ఒక్క గుక్క తాగాడు. అబ్బో! కళ్ళమ్మట నీళ్ళు, ముక్కమ్మట నీళ్ళు. దగ్గి దగ్గి మళ్ళీ గోడవైపు తిరిగిపోయాడు. నాంచారి దొడ్లోకెళ్ళి వెక్కి వెక్కి ఏడ్చింది.

మూడో రోజు పొద్దున్నే పొయ్యి దగ్గర కూర్చుంది. మంచుకి కట్టెలన్నీ చెమ్మగిల్లాయి. నిప్పు మిణుకుమిణుకుమంటోంది. దాని మీద దుంగ పెడితే పొగే గానీ మంట రాలేదు. దుంగ లాగేసి, కాస్త కొబ్బరి పీచు, రెండు ఎండుపుల్లలు వేసి గొట్టంతో ఊదింది. ఊదగా ఊదగా మంట లేచింది.

అప్పుడు నాంచారి గొట్టం పట్టుకుని అలాగే ఉండిపోయింది. "తాత పొట్టలో పొయ్యీ ఇంతేగా! మొన్న నీళ్ళు పోశాను. నిన్న దుంగ పడేశాను. ముందు పుల్లలు వెయ్యాలి" అనుకుంది.

వెంటనే లేచి గుప్పెడు పెసరపప్పు కమ్మటి వాసనొచ్చేదాకా వేయించింది. గుప్పెడు బియ్యం కలిపి, నీళ్ళు ఎక్కువ పోసి, మెత్తగా, జారుగా పొంగలి ఉడికించింది. ఆ తర్వాత చిన్న మూకుట్లో నెయ్యి కాచి నాలుగు మిరియాలు, చిటికెడు జీలకర్ర, కాస్త అల్లం, ఇసుమంత ఇంగువ వేసింది. చుయ్‌మంది! ఆ ఘుమఘుమ వంటింట్లోంచి నడవలోకి, నడవలోంచి తాత మంచం దాకా వెళ్ళింది.

మంచం కిర్రుమంది.

"ఏమే, ఇంగువ వేశావా?"

ఇన్ని రోజులకి తాత గొంతు! పరుగెత్తుకెళ్ళి కావిలించుకోవాలనిపించింది నాంచారికి. అయినా గడుసుది కదా, కదల్లేదు. "నువ్వే వచ్చి చూసుకో తాతా!" అంది.

గోడ పట్టుకుని, అడుగులో అడుగేసుకుంటూ తాత వచ్చాడు. పొయ్యి పక్కన పీట మీద కూలబడ్డాడు. నాంచారి మూడంటే మూడు చెంచాలు పెట్టింది. తాత నుదుటి మీద సన్నగా చెమట పట్టింది. కంచం నాకేసి, "ఇంకాస్త పెట్టవే" అన్నాడు.

"ఊహూఁ. ముందు చెప్పు తాతా, ఆకలేస్తోందా?"

శరభయ్య తాత తెల్లబోయాడు. నలభై ఏళ్ళుగా ఊరందర్నీ తను అడిగిన మాట! పకపకా నవ్వాడు. నవ్వి, వీధి చివరిదాకా వినపడేలా అరిచాడు. "ఆకలేస్తోందే! ఆకలేస్తోంది!"

పేరమ్మత్త చేతిలో చెంబు వదిలేసి పరుగెత్తుకొచ్చింది. ఆవిడ వెనకాలే వీధి వీధంతా వచ్చింది. వంటింటి గుమ్మంలో నిలబడి అందరూ ఒక్కసారే కేకేశారు.

"అయితే బతికావు పో!"

నాంచారి ఏడుస్తూ నవ్వుతూ, పెద్ద గరిటెతో పొంగలి వడ్డించింది. తాత రెండోసారి వడ్డించుకున్నాడు, మూడోసారి గిన్నె గోకాడు.

రేపు పొద్దున్న మనింట్లోనూ అదే పొంగలి. మిరియాలు ఏరి పక్కన పెట్టావో, ఊరుకోను! ఇంక కళ్ళు మూసుకో.

పొగేమో చూరుకి, పొంగలేమో పొట్టకి,
గరిటేమో గూటికి, నిద్దరేమో కంటికి,
కథేమో కంచికి, మనమేమో ఇంటికి!