పీపాలో బొగ్గు గీత

గుల్లలపేటలో ఉన్న తెలివంతా తమ ఇంట్లోనే పోగుపడిందని నూకాలుకి గట్టి నమ్మకం. ఆ ఇంటి గురించి ఊళ్ళోవాళ్ళూ గట్టిగానే ఒక మాట అనుకునేవాళ్ళు గానీ, అది వేరే మాట. "ఊరందరి తెలివీ ఒకెత్తు, మా తమ్ముళ్ళ తెలివి ఒకెత్తు" అని నూకాలు అంటే, "నిజమేనమ్మా" అని అందరూ వెంటనే ఒప్పుకునేవాళ్ళు.

నూకాలు తండ్రి దానయ్య ముసలి పడవవాడు. ఆ ఏడు మోకాళ్ళు పట్టేసి, చింతపండు వేసుకుని రంగూను పోవడం ఆయన వల్ల కాలేదు. నూకాలునీ ఇద్దరు తమ్ముళ్ళనీ పంపాల్సొచ్చింది. చూస్తే చిన్న తెరచాప పడవ, అంతులేని సముద్రం, పిల్లలేమో ఇలాంటివాళ్ళు. బెంగతో ఆయనకి రాత్రుళ్ళు నిద్ర పట్టలేదు. బయల్దేరే పూట మంచినీళ్ళ పీపా నిండా నింపి, నీళ్ళు ఎక్కడిదాకా ఉన్నాయో అక్కడ లోపలివైపు బొగ్గుతో ఒక గీత గీశాడు.

"నూకాలూ, సముద్రంలో మీ పేనాలు నిలబెట్టేవి ఈ నీల్లే. ఈటి మీద ఓ కన్నేసి ఉంచు. గీతనీ నీల్లనీ ఇడిపోనీకు. ఉప్పు కర్రని తినేస్తాది, పడవకి ఉప్పు పట్టనీకండి. వానొస్తే అన్నీ కప్పెట్టండి, ఏదీ తడవకూడదు" అన్నాడు.

అంతే. పడవ ఒడ్డు విడిచిందో లేదో, నూకాలు పీపా ముందు చతికిలబడి, ఎడమ కన్ను అరచేత్తో మూసుకుని, కుడి కన్ను పీపా మీద వేసింది.

"ఆ కంటికేటయిందప్పా?" అని చుక్కాని పట్టుకున్న పెద్ద తమ్ముడు గున్నయ్య అక్కని అడిగాడు.

"నాన ఓ కన్నే కదా ఎయ్యమన్నాడు! రెండూ ఎలాగేస్తాన్రా?"

ఈ సంగతి తనకి తట్టనందుకు గున్నయ్య సిగ్గుపడ్డాడు. పడవ మాత్రం గాలివాటుకి హాయిగా పోతోంది. వాళ్ళ ముగ్గురికన్నా దానికే దారి బాగా తెలుసు.

ఇంతలో ఒక కెరటం వచ్చి పడవలోకి చిందింది. "ఉప్పో! ఉప్పు పడిపోనాదో!" అని చిన్న తమ్ముడు ఎర్రన్న గావుకేక పెట్టాడు. ఇంకేముంది, పీపాలోంచి చెంబెడు మంచినీళ్ళు ముంచి పడవంతా కడిగాడు. సముద్రమన్నాక కెరటం ఊరుకుంటుందా? అది కొడుతూనే ఉంది, వీడు కడుగుతూనే ఉన్నాడు. సాయంత్రానికి పడవ తళతళలాడింది, పీపాలో నీళ్ళు జానెడు దిగిపోయాయి.

నూకాలు పీపాలోకి తొంగిచూసింది. "గీతా నీల్లూ ఇడిపోనాయిరా! ఇంక మన పని అయిపోనాది!" అని బావురుమంది.

గున్నయ్య తల గోక్కున్నాడు. "నీల్లు దిగితే, గీతని కూడా దింపెయ్యప్పా!"

ఎంత ఉపాయం! నూకాలు పాత గీత తుడిచేసి, నీళ్ళున్న చోట కొత్తది గీసింది. ప్రాణాలు దక్కాయని ముగ్గురూ హాయిగా పడుకున్నారు. ఆ మర్నాడూ అంతే, ఆపై రోజూ అంతే. ఎర్రన్న కడగడం, నూకాలు గీత దింపడం.

వంట గున్నయ్యది. మంచినీళ్ళు పడవ కడగడానికే చాలడం లేదని సముద్రపు నీళ్ళతోనే అన్నం వండేవాడు. ఇంట్లో అలవాటు ప్రకారం చిటికెడు ఉప్పు వెయ్యడం మాత్రం ఒక్కనాడూ మరిచిపోలేదు. అది తిన్నాక దాహం కాక మరేముంటుంది! ఎర్రన్న చెంబు అందుకుంటే, "తాగడం తగ్గించరా, పడవ కడగాల!" అని నూకాలు కసిరేది.

ఆఖరికి గీత పీపా అడుక్కి చేరింది. నాలుకలు పిడచకట్టుకుపోయాయి. ఎర్రన్న పడవలో వెల్లకిలా పడి కళ్ళు తేలేశాడు. తల్లి పోయాక చంకనేసుకుని పెంచిన తమ్ముడు. వాడికేమైనా అయితే తను బతకనని నూకాలు కుళ్ళికుళ్ళి ఏడ్చింది. "తల్లీ గంగమ్మా, ఒక్క వాన కురిపించు" అని మొక్కుకుంది.

గంగమ్మకి జాలేసింది. మబ్బులు కమ్మి కుండపోతగా వాన మొదలైంది.

"వానొచ్చిందిరా! కప్పండి, కప్పండి!" నూకాలు కేకపెట్టింది. ఇంకేముంది! పీపాకి మూత బిగించారు. తెరచాప దింపి పైన కప్పారు. ఎర్రన్నని లోపలికి లాగి తామూ దూరి, వాన వెలిసేదాకా కదలకుండా కూర్చున్నారు. ఆ తర్వాత నూకాలు మూత తీసి తొంగిచూసింది.

"ఒక్క సుక్క కూడా దూరలేదురా!" అంది గర్వంగా. తండ్రి చూస్తే ఎంత మురిసిపోయేవాడో!

గంగమ్మ ఇంక వీళ్ళతో వేగలేక కాబోలు, ఒక పొగ ఓడని అటు పంపించింది. అందులో మనవైపు వాడే ఒకడు నిచ్చెన మీదుగా దిగి, ఎర్రన్న నోట్లో కాసిని నీళ్ళు పోశాడు. ఎర్రన్న కళ్ళు తెరిచాడు.

"ఇంత వాన కురిసింది కదా, నీల్లెందుకు పట్టుకోలేదమ్మా?"

"పీపా తడిసిపోదూ?" అంది నూకాలు.

 ఆ మనిషి ఓడ మీంచి గొట్టం వేయించి, పీపా అంచుదాకా నింపి, దణ్ణం పెట్టి పోయాడు. తమ్ముడు దక్కాడని నూకాలు ఎర్రన్నని పట్టుకుని ఏడ్చింది. తరవాత నీళ్ళు తాగుదామని పీపాలోకి చూసి కొయ్యబారిపోయింది.

"గీత మునిగిపోనాదిరా! నీల్లెక్కడో, గీతెక్కడో!"

"గీతని పైకి ఎక్కించెయ్యప్పా" అన్నాడు గున్నయ్య.

"గీత కిందికి దిగుతాది గానీ పైకెక్కుతాదేట్రా? ఇన్నాల్లలో ఎప్పుడైనా ఎక్కిందా?"

ఎక్కలేదు. అది నిజమే. అంతే, ముగ్గురూ చెంబులు పట్టుకుని, నీళ్ళు గీత దగ్గరికి దిగేదాకా సముద్రంలో పారబొయ్యడం మొదలుపెట్టారు. లేవలేని ఎర్రన్న కూడా లేచి సాయం పట్టాడు. సగం పీపా ఖాళీ అయ్యాక వాడికి గొంతు పిడచకట్టుకుపోయి, నిండు చెంబు నోటి దగ్గర పెట్టుకున్నాడు.

నూకాలు వాడి చేతి మీద ఒక్కటేసింది.

"తాగేస్తే నీల్లు అయిపోవేట్రా, తెలివితక్కువోడా? ముందు పారబొయ్యి!"

ఎర్రన్న నాలిక్కరుచుకుని, చెంబు సముద్రంలో వంచేశాడు.