రాజుగారు ఊరుకుంటే ఏమన్నట్టు?

ఒకానొక కొండకింది రాజ్యంలో గజభూపాలుడనే రాజు ఉండేవాడు. మనసు వెన్నే, కానీ తన మాటంటే తనకే మహా మురిపెం. శనివారం వస్తే మౌనవ్రతం. మాట సరే, తల కూడా ఊపేవాడు కాదు.

ఆ ఏడు ఉత్సవానికి కొత్త రథం తలపెట్టాడు. వడ్రంగుల పాకకు వెళ్ళి, పెద్దవడ్రంగి కనకాచారితో, "మీరడిగినప్పుడు నేను ఊరుకున్నానంటే ఒప్పుకున్నట్టే. కానిచ్చెయ్యండి" అన్నాడు. మోకులు పేనేవాళ్ళ పాకకు వెళ్ళి, "నేను ఊరుకున్నానంటే వద్దన్నట్టే. ఆగండి" అన్నాడు. ఇక్కడలా, అక్కడిలా ఏమిటని రాజును ఎవరడుగుతారు!

ఒక శనివారం అందరూ వచ్చారు.

"చక్రాలు బిగించమంటారా?" రాజు ఉలకలేదు.

"మోకులు పేనమంటారా?" పలకలేదు.

ఉత్సవం నాటికి రథం పెళ్ళికూతురిలా ముస్తాబై నిలబడింది. లాగడానికి మోకు లేదు! చుట్టపుచూపుగా వచ్చిన పొరుగురాజు మీసం చాటున నవ్వాడు. గజభూపాలుడికి ఒళ్ళు మండింది.

"రథం బాధ్యత కనకాచారిది. రేపు పొద్దుగూకేలోగా అతన్ని పొలిమేర దాటించండి!"

పాపం, పండుముసలి. ఈ వయసులో ఎక్కడికి పోతాడు? ఆస్థాన చమత్కారి తిప్పనకు జాలేసింది. రాజంటే అతనికి ప్రాణం. అందుకే నలుగురిలో ఎదురు చెప్పక, "ప్రభూ, రేపు భోజనం నన్ను వడ్డించనివ్వండి" అన్నాడంతే.

మర్నాడు శనివారం. రాజు ఆకు ముందు కూర్చున్నాడు.

"అన్నం పెట్టమంటారా ప్రభూ?"

మౌనం.

"ఊరుకున్నారు, ఒప్పుకున్నట్టే!" తిప్పన గుమ్మరించాడు.

"ముద్దపప్పు?"

మౌనం.

"ఊరుకున్నారు, వద్దన్నట్టే!" గిన్నె వెనక్కి పోయింది. నెయ్యీ పోయింది. ఆవకాయ ఘుమఘుమలాడుతూ ముక్కు ముందునుంచే పోయింది. అన్నం మాత్రం గోపురమై గడ్డాన్ని తాకింది.

"ఓరి తిప్పనా!" రాజుగారి వ్రతం కాస్తా గంగలో కలిసింది. "అన్నానికో న్యాయం, పప్పుకో న్యాయమా?"

"అన్నం వడ్రంగుల పాకలోది ప్రభూ, పప్పు మోకుల పాకలోది. న్యాయం రెండుచోట్లా ఏలినవారిదే!"

రాజు అన్నపు గోపురం వెనకనుంచి అతన్ని చూశాడు. ముందు మీసం కదిలింది, తర్వాత బొజ్జ కదిలింది. పకపకా నవ్వేశాడు.

"తప్పు నాదేరా. కనకాచారి ఎక్కడికీ పోనక్కర్లేదు. ఇకపై ఏ పాకలోనైనా ఒకటే మాట: నేను ఊరుకుంటే వద్దన్నట్టే. సరే, నీకేం కావాలో కోరుకో!"

తిప్పన సిగ్గుపడి తలొంచుకుని ఊరుకున్నాడు.

"ఊరుకున్నావు. అంటే వద్దన్నట్టే!" అన్నాడు రాజు.

"అయ్యయ్యో, కావాలి ప్రభూ, కావాలి!"

రాజు కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వి, తన చేతి బంగారు కడియం తీసి తిప్పనకు తొడిగాడు. "ఇక ఆ పప్పు ఇలా తే నాయనా, ఆకలేస్తోంది!"