దొన గట్టున ఎర్రగుడ్డ

"చిరుత వచ్చినప్పుడే ఎర్రగుడ్డ కడతాను. అది వెళ్లగానే విప్పేస్తాను. ఈ ఎండల్లో ఒక్క పిల్ల గొంతు కూడా ఎండనివ్వను. నన్ను నమ్మండి!"

నక్క ఈ మాట ఇచ్చింది శివరాత్రి వెళ్లిన మర్నాడు. అప్పటికి కొండ మీద నీళ్లు మిగిలింది ఒక్క దొనలోనే. బండల మధ్య గుంట అది. గట్టునున్న తుమ్మచెట్టుకు ఎర్రగుడ్డ కడితే 'చిరుత ఉంది, రావద్దు' అని అర్థం. అందరూ ఒప్పుకున్నారు. కాపలా నక్కకు అప్పజెప్పి జేజేలు కూడా కొట్టారు. కాపలావాణ్ణి ఎన్నుకుని ఇంటికెళ్లి పడుకోవడం అన్ని జాతులకూ ఉన్న జబ్బే!

ఉగాది దాటాక గుడ్డ దిగడం మానేసింది. దుప్పి పిల్ల నాలుక వేలాడేసింది. నిలబెడితే కాళ్లు వణుకుతున్నాయి.

"పంది మామా, ఒక్కసారి వెళ్లి చూసొద్దామా? నా బిడ్డ రేపటిదాకా ఆగేలా లేదు," అంది దుప్పి.

"ఏం చూస్తావమ్మా? గుడ్డ ఉంటే చిరుత ఉన్నట్టే," అని గుర్రుమంది అడవిపంది.

"చిరుతను చూశావా?"

"గుడ్డను చూశాను. చాలదూ?"

అంతలో తీతువు పిట్ట వచ్చి వాలింది. పంది గబుక్కున వెనక్కి జరిగింది.

"తల్లీ, నోరు తెరవకు! నువ్వు కూస్తే ఎవరో ఒకరు పోతారట."

"నేను కూసేది నా గూడు తొక్కొద్దని, మామా. చావు అనే అర్థం మీరు తగిలించింది. నా కూతలో అది లేదు. ఆ గుడ్డలో చిరుత కూడా లేదు."

"మరి ఏముంది?"

"ఎర్రరంగు ఉంది. నా గూడు దొన పక్కనే, రోజూ చూస్తున్నాను. బురదలో ఉన్నవన్నీ నక్క అడుగులే. చుట్టూ అది నమిలి పారేసిన ఎండ్రకాయ డొప్పలు."

దుప్పి కళ్లు ఎర్రబడ్డాయి. "అడుగును మాత్రం ఎలా నమ్మేది?"

"అడుగు ఆనవాలు. కాలు మోపితేనే పడుతుంది. గుడ్డ సంకేతం. దానికి చిరుత అక్కర్లేదు, కట్టేవాడుంటే చాలు. కంటికి కనబడే గుడ్డ సూచకం. అది చూడగానే మన బుర్రలో దూకే చిరుత సూచితం. ఈ రెంటినీ ముడేసింది ఎవరు?"

"మనమే."

"అయితే విప్పేదీ మనమే."

"గొంతులో తడి లేక చస్తుంటే పాఠం ఒకటి!" అని గొణిగింది పంది. చెవులు మాత్రం నిక్కించే ఉంచింది.

ఆ సాయంత్రం కొండంతా గుసగుసలు. రేపటి నుంచి ఎర్రగుడ్డ అంటే 'రండి, తాగండి' అని. చిరుత నిజంగా వస్తే తీతువు కూస్తుంది. నక్కకు మాత్రం ఎవరూ చెప్పలేదు.

తెల్లవారింది. నక్క గుడ్డ ముడి బిగించి, నీళ్ల పక్కన ఒళ్లు విరుచుకుంది. చూస్తే దుప్పులు, పందులు మందగా దిగుతున్నాయి.

"ఒరే! కళ్లు పోయాయా? గుడ్డ కనబడట్లేదా?"

"కనబడబట్టే వస్తున్నాం, బావా!" అంది పంది.

నక్క కంగారుగా గుడ్డను ఇంకా పై కొమ్మకు కట్టింది. దాంతో అవతలి వాలులో ఉన్న కుందేళ్లకు కూడా కనబడింది. అవీ పరుగెత్తుకొచ్చాయి!

నక్క బురదలో పంజా తిప్పి తిప్పి ఒత్తి, పెద్ద గుంట చేసింది. "ఇదిగో చిరుత అడుగు! ఇప్పుడే పడింది!"

పంది వంగి చూసింది. "బొమ్మ బాగా వేశావు బావా. కానీ చిరుత గోళ్లు లోపలికి ముడుచుకుని నడుస్తుంది. ఇందులో నీ గోళ్లు నాలుగూ కనబడుతున్నాయి."

దుప్పి పిల్ల ఆ బొమ్మ మీదే కాళ్లు పెట్టి, మూతి ముంచి తాగింది. తల్లి దాని వీపు నాకుతూ నిలబడింది.

నక్క గుడ్డ పీకి గుండెకు హత్తుకుంది. "ఇది నాది! కాపలా నాది!"

"ఉంచుకో," అంది తీతువు. "గుడ్డ నీది. అర్థం మాది."

"తాగేవాళ్లదే దొన!" అని అరిచింది ఓ కుందేలు, మూతి తుడుచుకుంటూ.

నీతి: గుర్తు ఎవరి గుప్పిట్లో ఉన్నా, దాని అర్థం పదిమంది ఒప్పుకోలులోనే ఉంటుంది.

దుప్పి పిల్ల నాలుక పిడచకట్టుకుపోతుంటే గట్టున కూర్చుని ఎండ్రకాయలు ఎలా మింగుడుపడ్డాయో నక్క ఇంకా చెప్పలేదు. వానలు పడితే అందరూ మరిచిపోతారని దాని ఆశ. కొండ మీదివాళ్లం మేం మరవం. ఏరువాక పున్నమిలోగా జవాబు కావాలి.