సెంటర్ స్టాండ్ షాట్

సినిమా బాగుపడింది. తీసిన అమ్మాయి మాత్రం అందులోంచి తన పేరు తీసేయమంది.

ఆ అమ్మాయి తబిత, కాలేజీలో సినిమా కోర్సు చదువుతోంది. వాళ్ళమ్మ నలభై దాటాక స్కూటీ నేర్చుకోవడం మీద చిన్న సినిమా తీసింది. అందులో ఆవిడ బండికి సెంటర్ స్టాండ్ వేయబోయి, అది పడక, మళ్ళీ మళ్ళీ తంటాలుపడే షాట్ ఒకటి ఎంతకీ తెగదు. లెక్చరర్ ఇందుమతి అది చూసి, "ఏంటీ సాగదీత? లే, నేను చూపిస్తా" అని తబితను కుర్చీలోంచి లేపి, తనే కూర్చుని కత్తిరించేసింది. సినిమా చకచకా నడిచింది. తబిత, "థాంక్స్ మేడమ్. ఇక నా పేరెందుకు, తీసేయండి" అని వెళ్ళిపోయింది. మర్నాడే ప్రదర్శన. పేరు లేని సినిమాకు మార్కులుండవు, పిల్ల ఫెయిలవుతుంది.

ఇందుమతికి ఎడిటింగ్ నేర్పింది విశాలాక్షి గారు. అడిగినదానికి తిన్నగా జవాబు చెప్పే అలవాటు ఆవిడకు లేదు.

"తప్పు కనపడుతున్నా నోరుమూసుకోమంటారా మేడమ్?" అని ఇందుమతి జరిగింది చెప్పి ఆవిడనే అడిగింది.

"పాత కాపీ ఉందా, చెరిపేశావా?"

"ఉంది."

"అయితే ఆ పిల్లను పిలువు."

ముగ్గురూ కూర్చుని పాత కాపీ చూశారు. సెంటర్ స్టాండ్ దగ్గర విశాలాక్షి గారు ఆవులించారు. దాచుకోలేదు కూడా.

"ఇక్కడ నాకు విసుగొచ్చిందమ్మా. ఇంతసేపు ఎందుకుంచావు?"

తబిత ఇందుమతి వైపు చూడకుండా చెప్పింది. "నేను సాయం పట్టబోయాను మేడమ్. అమ్మ ఒక్క అరుపు అరిచింది, 'దగ్గరికొచ్చావంటే చూడు! నేనే వేస్తా' అని. ఇక కెమెరా పట్టుకుని నిలబడిపోయా."

"ఆ అరుపు నాకు వినపడలేదే?"

"ఫ్రెండ్స్ నవ్వుతారని సౌండ్ తీసేశాను."

"ఓహో" అని విశాలాక్షి గారు లేచారు. "ఇందూ, రా, టీ తాగొద్దాం." తబిత ఒక్కతే కంప్యూటర్ ముందు మిగిలింది.

మర్నాటి సినిమాలో ఆ షాట్ కొంత తగ్గింది, ఇందుమతి తగ్గించినంత కాదు. ఈసారి వినపడిన తబిత వాళ్ళమ్మ అరుపుకి హాలంతా గొల్లున నవ్వింది. ఆ తర్వాత కాసేపటికి వెనక వరుసల్లో కుర్చీలు కిర్రుమన్నాయి. చివర తబిత పేరు పడింది.

"చూశారా మేడమ్, ఇంకా పొడుగే. జనం కుర్చీల్లో అటూ ఇటూ కదిలారు" అని గొణిగింది ఇందుమతి.

"కదిలారు. ఆ కిర్రుమన్న చప్పుడు ఆ పిల్లకీ వినపడింది" అన్నారు విశాలాక్షి గారు.

పిల్లల సినిమా ఎంత వంకరగా ఉన్నా కత్తిరింపు వాళ్ళ చేతే జరగాలని ఇందుమతి ఆ రోజే అనుకుంది. చేతులు దురదపెట్టిన సందర్భాలు చాలా వచ్చాయి. రిటైరయ్యేదాకా మాట తప్పలేదు.